తాళాలాయన నొక్కిన పచ్చ బటన్

తాళాలాయనకు ఒక జబ్బుంది. మూసి ఉన్నది ఏది కంటపడినా తెరిచేదాకా ఆయన చేతులు ఊరుకోవు. బిగుసుకున్న సీసా మూతలు, ఇరుక్కుపోయిన జిప్పులు, తుప్పు పట్టిన గడియలు, వీధిలో ఉన్నవన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. రానివాటి దగ్గరికి ఆయనే వెళతాడు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి బస్సులో పక్కసీటు పెద్దమనిషి సూట్‌కేసు తెరుచుకోక తంటాలు పడుతుంటే, అడగకపోయినా లాక్కుని అర నిమిషంలో తెరిచిచ్చాడు. ఆ సూట్‌కేసు ఆ పెద్దమనిషిది కాదని మరుసటి స్టాపులో తెలిసింది.

పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఒక పూటంతా కూర్చుని బయటపడ్డాక ఆయన మూడు ప్రశ్నలు కనిపెట్టాడు. ఇది ఎవరిది? వాళ్లదేనని చెప్పేదెవరు? ఆ చెప్పేవాళ్లను నేనే వెళ్లి అడగొచ్చా? అప్పటినుంచి ఈ మూడూ అడగకుండా ఆయన ఎవరి తలుపూ తెరవలేదు. దొంగలంతా మూడో ప్రశ్న దగ్గరే జారుకుంటారని ఆయన సిద్ధాంతం. తోడు తెచ్చుకున్న సాక్షిని నమ్మడు. తనే వీధి దాటి వెళ్లి, తనే నాలుగో ఇంటి తలుపు కొట్టి అడగాలి. ఈలోగా తాళం పోగొట్టుకున్న మనిషి ఎండలో ఎండినా సరే, వానలో నానినా సరే.

ఇంకో అలవాటు కూడా ఉంది. పనిముట్ల సంచీ విప్పేముందు తలుపు హ్యాండిల్ తిప్పి చూస్తాడు. పది పిలుపుల్లో నాలుగు అసలు తాళమే పడని తలుపులు. జనం కంగారులో చూసుకోరు. "ముందు హ్యాండిల్ తిప్పి చూడవయ్యా మగడా, తరవాత నన్ను పిలుద్దువుగాని" అని నలుగురిలో తిట్టి వస్తాడు. అసలు పని కన్నా ఆ తిట్టడంలోనే ఆయనకు ఎక్కువ తృప్తి.

ఇల్లు వెనక, దుకాణం ముందు. దుకాణంలో కౌంటరు, తాళంచెవులు కోసే మెషీను, గోడకు మేకులు కొట్టిన చెక్కపలక. ఆ పలక మీద కింది వరసలో చిన్నచిన్న గుడ్డ సంచులు వేలాడుతుంటాయి. ఇంటివాళ్ల, చుట్టాల మారుతాళాలు వాటిలో ఉంటాయి. ప్రతి సంచికీ ఒక చీటీ. చీటీ మీద ఎవరిల్లో, ఏ తాళమో రాయడు. రాస్తే దొంగకు చిరునామా ఇచ్చినట్టే కదా. ఎప్పుడు అవసరం పడుతుందో మాత్రం రాస్తాడు. "బావమరిది మళ్లీ మర్చిపోతే." "మరదలు అలిగి పుట్టింటికి వెళితే." "వదినగారికి కళ్లు తిరిగితే." ఆ చీటీలు చదివితే ఆ కుటుంబం గుట్టంతా తెలుస్తుంది కానీ, ఒక్క తలుపు కూడా తెరుచుకోదు.

సంచులు కుట్టింది ఆయన భార్య. బడిలో పిల్లలకు మొక్కల పాఠాలు చెప్పి రిటైరైంది. ఆయన ఆవిడను టీచరూ అనే పిలుస్తాడు. ఆరేళ్లుగా ఆవిడ ఒక పుస్తకం రాస్తోంది. గోడ పగుళ్లలో, మురుగుకాలువ అంచున, బస్‌స్టాపు రేకుల మీద, మెట్ల సందున ఎవరూ నాటకుండా మొలిచే మొక్కల గురించి. పేరు "పిలవని మొక్కలు". రెండు వందల పేజీలు, నూట డెబ్బై ఫోటోలు. ప్రతి ఫోటో కోసం ఆవిడ వీధిలో మోకాళ్ల మీద కూర్చుంటే జనం ఉంగరం పడిపోయిందేమోనని వచ్చి వెతికేవాళ్లు.

మొదట్లో తాళాలాయన ఒక మాట జారాడు. "ఎవరూ నాటనివి, ఎవరూ కొననివి. వాటి మీద పుస్తకమేంటి టీచరూ? పీకి పారేసేదానికి పీఠిక కూడానా?" అన్నాడు. తన మాటకు తనే నవ్వుకున్నాడు. టీచరు నవ్వలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన క్షమాపణ చెప్పాలనుకున్నాడు కానీ, మూడో రోజు ఆవిడే మామూలుగా మాట్లాడేసరికి, గండం గడిచిందిలే అని ఊరుకున్నాడు. ఆ చెప్పని క్షమాపణ ఆరేళ్లుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఊరందరి తలుపులూ తెరిచాడు, ఆ పుస్తకం కోసం మాత్రం ఒక్క మేకు కూడా కొట్టలేదు.

అలాంటి సమయంలో టీచరు చెల్లెలికి కాలు విరిగింది. సోమవారం టీచరు బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"గురువారం సాయంత్రానికి వచ్చేస్తాను. కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్లకండి. మీ వీడియోలు ఫోనులో చూసుకోండి."

"నాకేం పని దాంతో?" అన్నాడు తాళాలాయన. ఆ క్షణానికి అది నిజమే.

మంగళవారం ఉదయం పదింటికి ఇంటి ఫోను మోగింది. పుస్తకం వేసే ప్రచురణకర్త. వెనక ఎవరో తరుముతున్నట్టు మాట్లాడింది. ప్రెస్సులో ఒక ఖాళీ దొరికిందట. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపు పుస్తకం మొత్తం పీడీఎఫ్ చేసి పంపాలట. లేకపోతే ఆ ఖాళీ బరువు తగ్గడం గురించిన పుస్తకానికి వెళ్లిపోతుంది, మళ్లీ అవకాశం వచ్చే ఏడాదే.

"పీడీఎఫ్ అంటే?" అన్నాడు తాళాలాయన.

"అక్షరాలు, ఫోటోలు ఎక్కడివక్కడ కదలకుండా బిగించేస్తుందండీ. మేడమ్ గారికి తెలుసు. రెండు నిమిషాల పని."

బిగించడం అన్న మాట వినగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. రెండు నిమిషాల పనికి టీచరు దాకా ఎందుకు? ఆవిడ వచ్చేసరికి పుస్తకం ప్రెస్సుకు వెళ్లిపోయి ఉండాలి. గుమ్మంలోనే ఆ మాట చెప్పాలి. ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. ఆరేళ్ల ముల్లు దిగిపోతుంది. ఫోను చేసి ఒక్క మాట అడిగితే ఆవిడే దారి చెప్పేది. అడిగితే ఇక ఆశ్చర్యపరచడం ఏముంది?

భోజనం చేసి, దుకాణానికి అడ్డుతలుపు వేసి, వెనక గదిలో కిటికీ పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వెతికే పెట్టెలో రెండు వేళ్లతో టైపు చేశాడు: ఉచితంగా పీడీఎఫ్ చేసే సాఫ్ట్‌వేర్. లక్షల్లో జవాబులు వచ్చాయి. అన్నిటికన్నా పైన ఉన్నదే అన్నిటికన్నా గొప్పదని అనుకున్నాడు. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో "ప్రకటన" అని ఉంది. ఆయన కళ్లజోడు దుకాణంలో ఉండిపోయింది.

పేజీ తెరుచుకుంది. నిండా పచ్చ బటన్లు. పైన ఒకటి, మధ్యలో ఒకటి, పక్కన మెరుస్తూ ఒకటి, అన్నిటి మీదా డౌన్‌లోడ్ అనే రాసి ఉంది. ఇంత ఉదారంగా ఇచ్చేవాళ్లు ఈ రోజుల్లో కూడా ఉన్నారా అని ముచ్చటపడి, అన్నిటికన్నా పెద్దది నొక్కాడు.

ఏదో దిగింది. దాన్ని నొక్కగానే కంప్యూటర్‌లోని యాంటీవైరస్ అడ్డుపడింది. "ఈ ఫైలు ప్రమాదకరం. ఆపేశాం" అని ఎర్రగా రాసి చూపించింది.

ఇంకెవరైనా అయితే అక్కడ ఆగేవాళ్లు. తాళాలాయనకు ఆ ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక కనబడలేదు, తాళం కనబడింది. ముప్పయ్యేళ్లుగా ఆయన అన్నం తింటున్నది "తెరుచుకోదు" అన్నదాన్ని తెరిచే కదా.

"నన్నా ఆపేది?" అన్నాడు.

చొక్కా చేతులు మడిచాడు. మూల మూలలా వెతికి, బూడిదరంగులో దాక్కున్న "అయినా సరే తెరువు" అన్న మాట పట్టుకున్నాడు. నొక్కాడు. ఇంకో అడ్డు వచ్చింది. అదీ తీశాడు. మూడోసారి యాంటీవైరస్ మొండికేసింది. ఆ పచ్చ బటన్ల పేజీలోనే ఒక సలహా ఉంది: "మీ యాంటీవైరస్ పొరపాటు పడుతూ ఉండవచ్చు. కాసేపు ఆపేయండి." ఇది ఎవరో అనుభవం ఉన్న పనివాడి మాట అనుకుని, ఎలా ఆపాలో వెతికి మరీ ఆపేశాడు. తరవాత వరసగా గళ్లు వచ్చాయి. వాతావరణం చెప్పే పట్టీ కావాలా, బుడగలు పేల్చే ఆట కావాలా, కంప్యూటర్ వేగం పెంచే మందు కావాలా. అన్నిటిలోనూ ముందే టిక్కులు పెట్టి ఉన్నాయి. పెట్టినవాళ్లను చిన్నబుచ్చడం ఎందుకని అన్నిటికీ సరే అన్నాడు.

మూడు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. ఎవరిది, ఎవరు చెప్పారు, నేనే వెళ్లి అడగొచ్చా, ఏదీ గుర్తుకు రాలేదు. మూడు గడియలు తీసిన ఆనందంలో ఉన్నాడు. గడియలు తీసింది తన ఇంటికేనని, తీసింది లోపలివైపు నుంచేనని ఆయనకు తట్టలేదు.

పావుగంట తరవాత "పిలవని మొక్కలు" ఫైలు పేరు చివర తలాతోకా లేని అక్షరాలు మొలిచాయి. నొక్కితే తెరుచుకోలేదు. ఫోటోలూ అంతే. ఆ తరవాత తెరంతా ఎర్రబడి, పెద్ద తాళంకప్ప బొమ్మ వచ్చింది. కింద రాసి ఉంది: "మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం. తాళంచెవి మా దగ్గరే ఉంది. మూడు రోజుల్లో డబ్బు పంపండి."

తాళాలాయన ముందు చూసింది బొమ్మనే. కప్పకు కొక్కెం ఒకవైపే దిగింది, రెండోవైపు గాల్లో ఉంది. "ఇలాంటి కప్ప లోకంలో ఎక్కడా ఉండదు. వీడికి తాళమంటే ఏంటో కూడా తెలీదు" అన్నాడు పైకే. అప్పుడు అర్థమైంది. తాళం గురించి ఓనమాలు రానివాడెవడో తన ఇంట్లో తాళం వేశాడు. అది తనకు తీయడం రాదు. ఆరేళ్లు. నూట డెబ్బై ఫోటోలు. మోకాళ్ల మీద కూర్చున్న టీచరు.

ఆ సాయంత్రమంతా ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. ఏం చెప్పాలి? కరెంటు ఎక్కువై కాలిపోయిందందామా? కంప్యూటర్ నిక్షేపంగా వెలుగుతోంది. దొంగలు పడ్డారందామా? తాళాలవాడి ఇంట్లోనే దొంగలు పడ్డారంటే దుకాణం మూసుకుని కూర్చోవాలి. పైగా దొంగలు సోఫా వదిలేసి కలుపు మొక్కల పుస్తకం ఎత్తుకెళ్లారంటే టీచరు కాదు కదా, చంటిపిల్ల కూడా నమ్మదు.

బుధవారం ఉదయాన్నే కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టి చంకన పెట్టుకుని, రెండు వీధుల అవతల "కంప్యూటర్ క్లినిక్" బోర్డున్న దుకాణానికి వెళ్లాడు. దాన్ని నడిపేది ఒక అమ్మాయి. ఆయన్ను చూడగానే ఆ అమ్మాయి స్క్రూడ్రైవరు కింద పెట్టింది. పోయిన వానాకాలంలో ఆ దుకాణం తాళంచెవి పోతే తీయడానికి వచ్చింది తాళాలాయనే. దుకాణం ఆ అమ్మాయిదేనని నాలుగో ఇంట్లో తనే అడిగి వచ్చేదాకా అరగంటసేపు వానలో నిలబెట్టాడు. పైన బోర్డు మీద ఆ అమ్మాయి ఫోటో ఉన్నా ఒప్పుకోలేదు. ఫోటోలు ఎవరైనా అంటించుకుంటారన్నాడు.

"రండి బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి, తియ్యగా. "ఏం తెరిచారేంటి?"

ఆయన దుప్పటి విప్పి జరిగిందంతా చెప్పాడు. మూడు గడియలూ ఎంత నేర్పుగా తీశాడో చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా తొంగిచూసింది. అమ్మాయి తెర చూసి, తల ఊపి, స్టూలు జరిపి కూర్చుంది.

"ఆ సాఫ్ట్‌వేర్ ఎవరిది?"

"ఏమో."

"వాళ్లదేనని చెప్పిందెవరు?"

"పేజీలోనే రాసుందమ్మా."

"దొంగ తోడు తెచ్చుకున్న సాక్షన్నమాట. మరి తయారుచేసినవాళ్ల దగ్గరికి మీరే వెళ్లి అడిగారా?"

తాళాలాయన తేలు కుట్టిన దొంగలా దుప్పటి మడతలు పెట్టసాగాడు. అవి తన ప్రశ్నలే. అరగంట వానకు వడ్డీ వసూలు అవుతోందని తెలుస్తూనే ఉంది.

"తిట్టడం తరవాత తిడుదువుగాని, ముందు ఇది తెరువమ్మా" అన్నాడు చివరికి. "ఎంతసేపు పడుతుంది?"

అమ్మాయి మొహంలో వెక్కిరింత పోయింది. "ఇది తెరుచుకోదు బాబాయ్ గారూ. కొన్ని రకాలకు నెట్‌లో తాళంచెవులు దొరుకుతాయి. దీనికి లేదు. డబ్బు పంపినా ఇస్తారన్న నమ్మకం లేదు, పంపకండి. పోలీసులకు ఫిర్యాదు మాత్రం ఇవ్వండి. ఈ మెషీను మొత్తం తుడిచి మళ్లీ మొదటినుంచి వేయాల్సిందే. కాపీ ఎక్కడైనా ఉందా?"

"కాపీ అంటే?"

"మారుతాళం" అంది అమ్మాయి.

ముప్పయ్యేళ్లుగా ఊరందరికీ మారుతాళం చేయించుకోండయ్యా అని గొంతు చించుకున్న మనిషి ఈ ఒక్కదానికి చేయించడం మరిచాడు. చేతులు కాలాయి. పట్టుకుందామంటే ఆకులు కూడా లేవు.

"ఇంతకీ ఏ పని కోసం దించుకున్నారు దాన్ని?" అని అడిగింది అమ్మాయి.

"పీడీఎఫ్ చేద్దామని."

అమ్మాయి తన కంప్యూటర్‌లో, టీచరు వాడేలాంటి టైపింగ్ సాఫ్ట్‌వేరే తెరిచి, పైన మూలన ఒకటి నొక్కి, సేవ్ చేసే చోట వరస కిందికి దించి వేలు పెట్టి చూపించింది. పీడీఎఫ్ అని ఉంది. ఏ డౌన్‌లోడూ అక్కర్లేదు. మొదటినుంచీ అక్కడే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడు తాళాలాయన.

"హ్యాండిల్ తిప్పి చూడలేదా బాబాయ్ గారూ?" అంది.

ఆయన కంప్యూటర్ అక్కడే వదిలి, ఖాళీ దుప్పటి చంకన పెట్టుకుని ఇంటికి నడిచాడు. దారిలో బస్‌స్టాపు గోడ పగులులో ఒక మొక్క కనిపించింది. నీలం పువ్వు, గోరంత. ఆరేళ్లుగా ఆ దారినే తిరుగుతున్నాడు, ఎప్పుడూ చూడలేదు. దీని పేరేంటో టీచరు పుస్తకంలో ఉండే ఉంటుంది అనుకున్నాడు. ఏడుపొచ్చింది. ఎదురొచ్చిన పాలవాడు ఉంగరం పడిపోయిందా అని అడిగితే, అవునని చెప్పి తప్పించుకున్నాడు.

గురువారం సాయంత్రం టీచరు వచ్చింది. తాళాలాయన ఎనిమిది రకాలుగా మాటలు కూర్చుకుని ఉన్నాడు. చెల్లెలి కాలు గురించి అడిగి, ప్రయాణం గురించి అడిగి, మంచినీళ్లిచ్చి, సంచీ అందుకుని, మళ్లీ చెల్లెలి కాలు గురించే అడిగాడు.

"ఏం చేశారు?" అంది టీచరు.

"నేనేం చేశాను?"

"మీరు నాకు మంచినీళ్లివ్వడం పెళ్లయ్యాక ఇది మూడోసారి. మొదటిసారి నా వాచీ విప్పి పాడుచేశారు. రెండోసారి నా సైకిలు. చెప్పండి."

ఎనిమిది రకాల మాటలూ ఎగిరిపోయాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఫోను దగ్గర మొదలుపెట్టి హ్యాండిల్ దాకా, ఏదీ దాచకుండా. చివర ఇంకో మాట కూడా బయటికొచ్చింది. "పీకి పారేసేవాటి మీద పుస్తకమేంటి అన్నాను కదా అప్పుడు. తప్పు మాట. ఆరేళ్ల నుంచి చెబుదామనుకుంటున్నాను. ఆ తప్పు దిద్దుకుందామని పోయి నీ పుస్తకమే లేకుండా చేశాను టీచరూ. తిట్టు. ఈసారి నెల రోజులు మాట్లాడకపోయినా నేనేం అనుకోను."

టీచరు తిట్టలేదు. గ్లాసు కింద పెట్టి లేచి దుకాణంలోకి నడిచింది. ఆయన వెనకాలే వెళ్లాడు. ఆవిడ చెక్కపలక ముందు నిలబడి, కింది వరసలో బావమరిది సంచిని, మరదలి సంచిని పక్కకు జరిపింది. వదినగారి కళ్లు తిరిగే సంచి వెనక, అదే మేకుకు ఇంకో సంచి ఉంది. పదకొండు సంచులని తాళాలాయన లెక్క. ఇది పన్నెండోది. ఇది ఎప్పుడొచ్చింది?

ఆవిడ ముడి విప్పి చేతిలో దులిపింది. చిన్న పెన్‌డ్రైవ్ పడింది.

"ప్రతి ఆదివారం పుస్తకం దీంట్లోకి కాపీ చేసి, కంప్యూటర్ నుంచి పీకి ఈ సంచిలో వేస్తాను. మొన్న బయల్దేరేముందు కూడా వేశాను. తాళాలవాడి దుకాణంలో మారుతాళాల మధ్యకన్నా భద్రమైన చోటు ఎక్కడుంటుందండీ? మీరే కదా ఊరందరికీ చెబుతారు. ఎవరో ఒకరు వినాలిగా."

తాళాలాయన నవ్వాలో ఏడవాలో తెలియక, అలవాటు కొద్దీ సంచికి ఉన్న చీటీ తిప్పి చూశాడు. టీచరు గుండ్రటి చేతిరాత. ఇంకు వెలిసిపోయింది.

"మా ఆయన సాయం చేస్తే."

రెండుసార్లు చదివాడు. "ఇది ఎప్పుడు రాశావు?"

"మొదటి పేజీ టైపు చేసిన రోజు" అంది టీచరు, కంప్యూటర్ గదివైపు వెళుతూ.

"అది క్లినిక్‌లో ఉంది. ఉన్నా కూడా అది తుడిచేదాకా ఈ పెన్‌డ్రైవ్ దానికి పెట్టకు!" అని కేకేశాడు తాళాలాయన. ఆ వారంలో ఆయన అన్న మొదటి తెలివైన మాట అది. టీచరు ఆగి, వెనక్కి తిరిగి, కాస్త గౌరవంగానే చూసింది.

శుక్రవారం తొమ్మిదింటికల్లా ఇద్దరూ క్లినిక్ ముందున్నారు. తుడిచిన కంప్యూటర్‌లో పుస్తకం చెక్కుచెదరకుండా తెరుచుకుంది. హ్యాండిల్ తిప్పారు, పీడీఎఫ్ అయింది. అంతా బాగానే ఉంది కానీ మెయిల్ వెళ్లలేదు. నూట డెబ్బై ఫోటోలతో ఫైలు మరీ బరువెక్కింది. పది ఎంబీ లోపు ఉంటేనే మెయిల్‌లో పోతుంది, ఇది యాభై దాటింది. ఫోటోల బరువు తగ్గించే సాఫ్ట్‌వేర్ ఏదైనా కావాలి. అమ్మాయి మౌసు మీద చెయ్యి వేసింది.

"ఉండమ్మా" అన్నాడు తాళాలాయన. కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. "నేను వెతుకుతాను."

టీచరు, అమ్మాయి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అమ్మాయి గోడ గడియారం వైపు చూసింది. టీచరు మాత్రం కుర్చీ ఆయన వైపు జరిపింది.

ముందు కంప్యూటర్‌లో ఉన్నవన్నీ తిప్పి చూశాడు, ఆ పని చేసేది ఇంట్లోనే ఉందేమోనని. లేదు. అప్పుడు వెతికాడు. పైన ప్రకటన అని ఉన్న నాలుగింటినీ వేలు పెట్టి మరీ తిట్టి దాటాడు. ఒక దాని పేరు నచ్చింది. తయారుచేసిందెవరో చదివాడు. ఆ పేరు ఇంకెక్కడెక్కడ ఉందో, వాడినవాళ్లు ఏమంటున్నారో మూడు చోట్ల చూశాడు. పచ్చ బటన్ ఎదురైతే "నిన్ను నేనెరుగుదును" అని పక్కకు తప్పుకున్నాడు. చివరికి తయారుచేసినవాళ్ల సొంత పేజీ చిరునామా తనే, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ, పైన టైపు చేశాడు. దిగిన ఫైలును తెరిచేముందు యాంటీవైరస్‌ను పిలిచి చూపించాడు. అది బాగానే ఉందంది. గళ్లు వచ్చినప్పుడు, వాతావరణం పట్టీ ముందు టిక్కు తీసేసి, "ఎవరు పిలిచారు నిన్ను?" అన్నాడు.

"బాబాయ్ గారూ, పదకొండున్నర అయింది" అంది అమ్మాయి నీరసంగా.

"నిన్ను వానలో అరగంట నిలబెట్టానా లేదా? దీన్నీ అంతసేపు నిలబెడతాను."

పన్నెండుకు ఏడు నిమిషాలుందనగా మెయిల్ వెళ్లింది. పన్నెండుకు ఒక నిమిషం ఉందనగా ప్రచురణకర్త జవాబు వచ్చింది: అందింది, ప్రెస్సుకు పంపుతున్నాం. టీచరు ఆ జవాబు ఒకటికి మూడుసార్లు చదువుకుంది. తరవాత అమ్మాయి చూస్తుండగానే తాళాలాయన చేతి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. ఆయనకు గొంతులో ముల్లు తగలలేదు.

ఇంటికి వచ్చాక ఆవిడ పెన్‌డ్రైవ్‌లో తాజా కాపీ వేసి, సంచిలో పెట్టి, ముడి వేసి, మళ్లీ అదే మేకుకు తగిలించబోయింది.

"పుస్తకం అయిపోయిందిగా, ఇంకా ఎందుకు?" అన్నాడు తాళాలాయన.

"రెండోది మొదలుపెట్టాను. నాచుల మీద."

ఆయన కాసేపు గొణుక్కుని, అటూ ఇటూ తిరిగి, చివరికి అడిగేశాడు. "పోనీ ఆ చీటీ అయినా మార్చొచ్చు కదా టీచరూ. ఇవాళ సరిగ్గానే చేశానుగా."

టీచరుకు అది న్యాయంగానే అనిపించింది. కౌంటరు మీదున్న పెన్ను అందుకుని, చీటీని గోడకు ఆనించి, మధ్యలో పైన ఒక్క మాట చేర్చి, మేకుకు తగిలించి లోపలికి వెళ్లిపోయింది. తాళాలాయన కళ్లజోడు సవరించుకుని దగ్గరికి వెళ్లి చదివాడు.

"మా ఆయన మళ్లీ సాయం చేస్తే."